రేకు జారిన డిష్

పోయిన వారం మీరు నన్ను ప్రొఫెసర్ గారి గది తలుపు దగ్గర వదిలేసి వెళ్ళారు, చేతిలో చచ్చిపోయిన కణాలున్న చిన్న గాజు డిష్‌తో. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. లోపలికి వెళ్ళేలోపు, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కథంతా రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

మా అక్క బస్సు డ్రైవరు. డిపోలో బ్యాటరీ పగిలి ఆసిడ్ చింది ఆమె కుడి కంట్లో పడింది. కంటి పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా అల్లే కణాలు ఆ ఒక్క చుక్కతో కాలిపోయాయి. ఒంటికన్నుతో బస్సు నడపనివ్వరు. కంటి డాక్టరు ఆమె ఎడమ కంటి అంచు నుంచి నువ్వుగింజంత ముక్క తీసి మా ల్యాబుకు పంపాడు. దాన్ని మేం పల్చటి పొరగా పెంచాం. ఆ పొరను కాలిన కంటి మీద అతికిస్తే చూపు తిరిగి రావచ్చు. అతికిందో లేదో తెలుసుకోవడానికి ముందే ఆ కణాలకు ఒక రంగు పట్టిస్తాం. మామూలుగా చూస్తే ఆ రంగు కనిపించదు. నీలి లైటు వేస్తే మాత్రం కణాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. డాక్టరు ఆ మెరుపు చూసి పొరను సర్దుతాడు, తర్వాత ప్రతి వారం మళ్ళీ లైటు వేసి చూస్తాడు. రంగు పట్టించిన కణాలను మనిషి కంట్లో పెట్టడం ఇదే మొదటిసారి. ఆ మొదటి మనిషి మా అక్క.

పోయిన వారం నేను ఎవరివో పాత కణాలకు అదే రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూస్తుండగా అక్క ఫోన్ చేసింది. నీలి లైటు ఆర్పకుండానే బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లైటు పడిన చోట కణాలు ఒక్కటి కూడా బతికి లేదు. లైటు పడని చోట అన్నీ హాయిగా ఉన్నాయి. అదీ సంగతి. ఇప్పుడు లోపలికి వెళ్దాం.

ప్రొఫెసర్ గారి గదిలో రెండు కుర్చీలుంటాయి. ఒకదాని నిండా పత్రికలు పేర్చి ఉంటాయి కాబట్టి దాన్ని కుర్చీ అనడం మర్యాద కోసమే. రెండోదాంట్లో రేకు మేడమ్ కూర్చుని ఉంది. మా ల్యాబులో రంగుల భద్రత పరీక్షలన్నీ ఆవిడవే. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్ట ఒకటి ఎప్పుడూ ఆవిడ చంకలో ఉంటుంది. రంగు వేసిన వస్తువు ఏది కనిపించినా కన్ను మూసి తెరిచేలోగా దానికి రేకు చుట్టేస్తుంది, గదిలో లైట్లు ఆర్పేస్తుంది. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుందని ఆవిడ భయం. భయం నిజమే, వెలిసిపోతుంది. ల్యాబులో చేరిన కొత్తల్లో నాకు చేయి పట్టుకుని పని నేర్పింది కూడా ఆవిడే.

నేను జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు.

"రేకు లేకుండా వదిలేశావా?" అంది రేకు మేడమ్.

"లైటు కింద వదిలేశాను మేడమ్. అందుకే..."

"ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు? చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఫోనొస్తే డిష్ కప్పి వెళ్ళాలని తెలీదా?"

"తెలుసు. కానీ ఇక్కడ సంగతి రంగు వెలిసిపోవడం కాదు మేడమ్. కణాలు చచ్చిపోయాయి."

"చెడిపోయిన డిష్ అది. పారేసి ఇంకోటి తీసుకో. దీనికోసం సర్ దగ్గర దాకా రావాలా?"

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఆయన కళ్ళజోడు తుడుస్తున్నారంటే మనం చెప్పేది వినడం లేదని అర్థం. "కూర్చో అమ్మాయ్, నిదానంగా చెప్పు," అన్నారు. ఎక్కడ కూర్చోను? పత్రికల మీదా?

నిలబడే మళ్ళీ మొదటినుంచి చెప్పాను. రంగు వేయని కణాల మీద ఇదే లైటు ఎంతసేపు వేసినా ఏమీ కాదు, అది రోజూ చూస్తున్నదే. రంగు వేసి చీకట్లో పెట్టినా ఏమీ కాదు, అది మన రిపోర్టులోనే ఉంది. రంగూ లైటూ రెండూ కలిస్తేనే కణాలు చస్తున్నాయి. ఈ మాట నేను నాలుగు రకాలుగా చెప్పాను. ప్రొఫెసర్ గారు నాలుగుసార్లూ తలాడించారు. ఆ తలాడింపు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. గోడకు చెప్పుకున్నా కనీసం తలాడించి మోసం చేయదు.

"మన రిపోర్టు నువ్వు చదవలేదా?" అన్నారాయన చివరికి. "రంగు సురక్షితమని మేడమ్ ఎన్ని రకాలుగా పరీక్ష చేశారు. ఎక్కువ మోతాదు, తక్కువ మోతాదు, కొద్దిరోజులు, చాలారోజులు. ఒక్కదాంట్లోనైనా కణాలకు హాని జరిగిందా?"

"జరగలేదు సర్. అన్నీ రేకు కింద చేసినవే కదా."

"మరి రేకు లేకుండా ఎలా చేస్తారు?" అంది రేకు మేడమ్ విసుగ్గా. "రంగు వెలిసిపోతే పరీక్ష దేని మీద చేసినట్టు?"

అప్పుడు నాకు ఆ ప్రశ్న తట్టింది. అంతకుముందు ఎప్పుడూ ఎందుకు తట్టలేదో ఆ దేవుడికే తెలియాలి.

"మేడమ్, పరీక్ష మధ్యలో ఎప్పుడైనా రేకు జారిపోతే ఆ డిష్‌ని ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం? పారేస్తాం."

"లెక్కలోకి తీసుకోరా?"

"చెడిపోయినదాన్ని లెక్కలోకి ఎలా తీసుకుంటామమ్మా?"

"చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?"

"చూస్తే తెలీదా? కణాలు అడుగు నుంచి ఊడిపోయి, గుండ్రంగా ఉబ్బి, నీళ్ళలో తేలుతుంటాయి."

"అంటే, చచ్చిపోయి."

రేకు మేడమ్ రేకు చుట్టను చంకలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తుడవడం ఆపేశారు.

ఇన్నేళ్ళుగా మా కళ్ళ ముందు జరిగింది ఇదన్నమాట. రేకు జారిన ప్రతి డిష్‌లోనూ కణాలు చచ్చిపోతూనే ఉన్నాయి. వాటిని చూసి 'అయ్యో, ఎవరో అజాగ్రత్తగా ఉన్నారు' అని తిట్టుకుని పారేశాం. మిగిలిన మంచి డిష్‌లు చూసి రిపోర్టు రాశాం. ఆ రిపోర్టులో ఒక్క అబద్ధం కూడా లేదు. చీకట్లో ఈ రంగు నిజంగానే సురక్షితం. కానీ డాక్టరు మా అక్క కన్ను చీకట్లో చూడడు కదా.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక మరింత కోపమొచ్చింది. దొంగపని చేసినవాళ్ళుంటే జుట్టు పట్టుకోవచ్చు. ఇక్కడ అందరూ జాగ్రత్తపరులే, వాళ్ళను ఏమని తిట్టను?

"చూడు," అన్నారు ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకుని. "రంగుకు వెలుతురు తోడైతే కణాలకు కొంత ఇబ్బంది ఉంటుందని మాకు తెలీక కాదు. పాఠాల్లో ఉన్నదే. అయితే మైక్రోస్కోపు లైటు వేరు, డాక్టరు వాడే లైటు వేరు. అది ఇంత తీక్షణంగా ఉండదు."

"ఉండదని మనం కొలిచామా సర్?"

"ఆ అవసరం రాలేదు."

"డాక్టరు గారి లైటు తెచ్చి, రంగు వేసిన కణాల మీద ఒక్కసారైనా వేసి చూశామా?"

"చెప్పాను కదా, అవసరం రాలేదని."

"ఇప్పుడొచ్చింది కదా సర్."

అప్పుడాయన అనకూడని మాట అన్నారు. "ఇది మీ అక్క కాకపోయుంటే నువ్వింత గొడవ చేసేదానివా?"

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. అబద్ధమైతే గుచ్చుకునేది కాదు.

"చేసేదాన్ని కాదేమో సర్. కానీ ఆ కణాలకు మా అక్కెవరో, ఊళ్ళోవాళ్ళ అక్కెవరో తెలీదు. ఎవరివైనా అలాగే చస్తాయి."

రేకు మేడమ్ లేచి నిలబడింది. ముఖం కందగడ్డలా ఉంది. "నా రిపోర్టు తప్పని నా ముందే అంటుంటే కూర్చుని వినడానికి నాకు తీరిక లేదు. నాకు పనుంది," అని రేకు చుట్ట చంకలో పెట్టుకుని విసురుగా వెళ్ళిపోయింది. తలుపు మాత్రం మెల్లగా వేసింది. ఏ తలుపునూ గట్టిగా వేయడం ఆవిడకు చేతకాదు, డిష్‌లు కదులుతాయని.

"బాధపెట్టావు ఆవిణ్ణి," అన్నారు ప్రొఫెసర్ గారు.

"తర్వాత కాళ్ళు పట్టుకుంటాను సర్. ముందు రంగు ఆపండి."

"ఎలా ఆపను? కమిటీ మనకిచ్చిన అనుమతే రంగు వేసిన కణాలకు. రంగు లేకుండా పెట్టాలంటే మళ్ళీ వాళ్ళ ముందుకు వెళ్ళాలి. వాళ్ళు ఎందుకని అడుగుతారు. ఎవరివో పాత కణాలు, ఒకే ఒక్క డిష్, అది కూడా ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయిన డిష్. ఇది చెప్తే నవ్విపోతారు. కంట్లోకి వెళ్ళే కణాల్లోనే జరిగిందని చూపించమంటారు." ఆయన కళ్ళజోడు బల్ల మీద పెట్టారు. "మీ అక్క కణాలు రెండు డిష్‌లు పెంచాం. ఒకటి ఆపరేషన్‌కి. రెండోది, మొదటిదానికి ఏమైనా అయితే వాడటానికి."

ఆయన ఏమంటున్నారో నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు కాసేపు నిలబడ్డాను.

ఎడమ కంటి నుంచి ఇంకో ముక్క తీయనని డాక్టరు మొదట్లోనే చెప్పేశాడు. మళ్ళీ కోస్తే మిగిలిన ఆ ఒక్క కన్ను కూడా దెబ్బతినొచ్చు. కాబట్టి మా అక్కకు ఈ లోకంలో ఉన్నవి రెండే రెండు డిష్‌లు. రంగు చంపుతుందని చూపించాలంటే అందులో ఒకదాన్ని చంపాలి. నా మాట నిజమైతే ఒకటి పోతుంది. నా మాట అబద్ధమైనా ఒకటి పోతుంది, ఎందుకంటే కణాలు పెంచే, క్రిములు చొరని శుభ్రమైన గది దాటి బయటికొచ్చిన కణాలను మళ్ళీ మనిషి కంట్లో పెట్టరు.

"అక్కను అడగాలి," అన్నాను.

"అడుగు. స్పీకర్లో పెట్టి అడుగు. నేనూ వినాలి."

అక్క మొదటి రింగుకే ఎత్తింది. ఉద్యోగం లేనివాళ్ళు ఫోను చేతిలోనే పెట్టుకుని ఉంటారు. "ఏమే బుడ్డీ, మళ్ళీ ఏం తగలేశావు?" అంది.

ప్రొఫెసర్ గారు కిటికీ వైపు తిరిగారు. నేను సంగతంతా చెప్పాను. ల్యాబులో నాలుగుసార్లు చెప్పినా ఎక్కనిది అక్కకు ఒక్కసారికే ఎక్కింది.

"అంటే, చీకట్లో నడిపితే బ్రేకులు బాగానే పడుతున్నాయి, పగలు పడటం లేదు. అంతేనా?"

"దాదాపు అంతే."

"దానికి ఇంత ఆలోచనేంటే? డిపోలో అయితే ఆ బండిని గేటు కూడా దాటనివ్వరు."

"అక్కా, సరిగ్గా విను. చూపించడానికి నీ రెండో డిష్ వాడాలి. అది పోతే ఇంక ఒక్కటే ఉంటుంది. దానికేమైనా అయితే ఇంకేం లేదు."

అక్క గొంతు మారింది. "నిన్న కూరగాయలకి వెళ్తూ రోడ్డు దాటబోయాను. కుడివైపు నుంచి సైకిల్ వచ్చింది. నాకు కనబళ్ళేదు. వాడు తిట్టుకుంటూ పోయాడు. ఇన్నేళ్ళు అంత పెద్ద బండి తిప్పినదాన్ని, సైకిల్ వాడితో తిట్లు తిన్నాను. ఇంటికొచ్చి మీ బావకి కూడా చెప్పలేదు. నా కన్ను బాగవ్వాలే బుడ్డీ. ఎలా అవుతుందో నాకు తెలీదు, నీకు తెలుసు. నువ్వు వాడమంటే వాడేయ్. పెద్దాయన పక్కనే ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు.

"నమస్కారం సర్. మా చెల్లి చిన్నప్పటి నుంచి ఇంతే, పట్టిందంటే వదలదు. ఇంట్లో మేం పడ్డాం, ఇప్పుడు మీరు పడుతున్నారు. కాకపోతే అది అబద్ధం మాత్రం చెప్పదు."

ఫోను పెట్టేశాక ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "పద. రంగు నేనే వేస్తాను. నువ్వు దూరంగా నిలబడు. మీ అక్క కేసులో నీ చెయ్యి పడిందని రేపు ఎవరూ అనకూడదు."

ఆయన స్వయంగా పని చేయడం నేను చూసి చాలా కాలమైంది. మొదట్లో చేతులు కొంచెం తడబడ్డాయి, తర్వాత పాత అలవాటు పట్టుకుంది. రెండో డిష్ తెచ్చారు. రంగు పట్టించి, కడిగి, లైటు కింది నుంచి పడుతుంది కాబట్టి సగం డిష్‌కి అడుగున రేకు అంటించారు. మిగతా సగం వదిలేశారు. మైక్రోస్కోపు లైటును, డాక్టరు వాడే లైటు కంపెనీ పుస్తకంలో రాసి ఉన్నంతకు తగ్గించమని నేనే అడిగాను. ఆయన అంతకంటే ఇంకొంచెం తగ్గించారు. సందేహం ఎక్కడుంటే అక్కడ తనవైపు లాక్కోవడం ఆయన స్వభావం. ఈసారి నేనేమీ అనలేదు.

మొదట ఏమీ జరగలేదు. కణాలు ఆకుపచ్చగా మెరుస్తూ, ఒకదాన్నొకటి ఆనుకుని గచ్చు పలకల్లా పరుచుకుని ఉన్నాయి. ఎంత అందంగా ఉన్నాయో. నాకు సిగ్గులేకుండా ఒక ఆశ పుట్టింది, నేనే పొరబడ్డానేమో, నన్ను అందరూ తిట్టి ఇంటికి పంపిస్తే ఎంత బాగుండునని.

ప్రొఫెసర్ గారు కంటిగొట్టం నుంచి తల ఎత్తకుండా "ఏం కావడం లేదు," అన్నారు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఆయన వేళ్ళు ఫోకస్ మరను ముందుకూ వెనక్కూ తిప్పుతున్నాయి. చూపు కుదరనప్పుడు అలా తిప్పుతారు, కుదిరినా నమ్మబుద్ధి కానప్పుడూ అలాగే తిప్పుతారు.

ఆయన లేచి నాకు చోటిచ్చారు.

లైటు పడిన సగంలో పలకలు విడిపోయాయి. ఒక్కో కణం అంచులు ముడుచుకుని, బుడగలు పోసి, అడుగు వదిలేసి తేలుతోంది. రేకు తీసి రెండో సగం చూశాను. అక్కడ అన్నీ కుదురుగా ఉన్నాయి. మధ్యలో గీత గీసినట్టు తేడా.

గెలిచాను. నా జీవితంలో ఇంత దరిద్రంగా ఎప్పుడూ గెలవలేదు. అక్క కంటిలో సగభాగం నా కళ్ళ ముందే నీళ్ళలో తేలుతోంది.

"ఇంత తక్కువ లైటుకే," అన్నారు ప్రొఫెసర్ గారు. ఆయన గొంతులో ఇందాకటి పెద్దరికం లేదు. "ఫొటోలు తియ్యి. కమిటీతో నేను మాట్లాడతాను, కాదంటే గుమ్మం దగ్గర కూర్చుంటాను. రంగు వేయకుండానే పెడదాం. డాక్టరుకు కూడా ఇప్పుడే ఫోన్ చేస్తాను." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "మేడమ్‌కి నువ్వే చెప్పు. ఆ మిగిలిన డిష్ ముట్టుకోవద్దని చెప్పు. ఆపరేషన్ ఎల్లుండి, రంగు వేయాల్సింది రేపే కదా, ఇబ్బందేం లేదు."

నేను నడవలో పరిగెత్తాను. ల్యాబులో పరిగెత్తకూడదని నియమం. శుభ్రమైన గది నడవ చివర ఉంటుంది. బయట బల్ల దగ్గర రేకు మేడమ్ చేతి తొడుగులు విప్పుకుంటోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు. కళ్ళు కొంచెం వాచి ఉన్నాయి.

"మేడమ్, ఇందాక అన్నదానికి..."

"వదిలెయ్యమ్మా. నేనూ తొందరపడ్డాను. ఆలోచిస్తుంటే నువ్వన్నదాంట్లోనూ ఏదో ఉందనిపించింది. ఆపరేషన్ కాగానే కూర్చుని చూద్దాం." చెయ్యి నా భుజం మీద వేసింది. "నీ మీద కోపంతో నీ అక్క పని వదిలేస్తానా? ఆపరేషన్ రేపు పొద్దున్నకే మార్చారట, డాక్టరుగారే ఇక్కడికొచ్చి చెప్పారు. అందుకని రేపటి దాకా ఆగకుండా ఇప్పుడే రంగు వేసేశాను. ఎవరికీ అప్పజెప్పలేదు, నేనే వేశాను. ఎంత బాగా పట్టిందో."

నేను శుభ్రమైన గది తలుపు వైపు చూశాను.

"రేకు," అన్నాను ఎలాగో. "రేకు చుట్టారా?"

"చుట్టకుండా ఉంటానా? నువ్వు మరీను. కాకపోతే డాక్టరుగారు మెరుపు ఒకసారి చూస్తానన్నారు. ఇప్పుడే తీసి ఇచ్చాను."

శుభ్రమైన గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. లోపల ఎవరో పనిలో ఉన్నారని దాని అర్థం. అలా ఉన్నప్పుడు తలుపు బయట నుంచి తెరుచుకోదు. నేను రెండు చేతులతో దాన్ని బాదాను. లోపల డాక్టరు చెవుల్లో ఏ శబ్దమూ పడినట్టు లేదు. ఆయన గొంతు మాత్రం, లోపలి మాటలు బయటికి మాత్రమే వినిపించే గోడ స్పీకర్లోంచి, తీరిగ్గా, సంతోషంగా వినిపించింది.

"మేడమ్, ఎంత చక్కగా మెరుస్తున్నాయండీ. ఇంకాసేపు చూసి వస్తాను."